మందు కొట్టిన మనిషి

మన భాషలో మందు అనే మాటకి అస్సలు సిగ్గు లేదు. జ్వరం తగ్గించేదీ మందే, పురుగుని చంపేదీ మందే, బస్తాలకొద్దీ పొలంలో చల్లేదీ మందే, పొద్దుగూకాక సీసాలో దొరికేదీ మందే. మొగుడు పెళ్ళాం మాట వింటే మందు పెట్టిందంటారు, అదీ మందే. ఎవరు ఏ మందు సంగతి మాట్లాడుతున్నారో పక్కనున్న క్రియని బట్టి మనమే పోల్చుకోవాలి. వేసుకుంటే జ్వరానికి, చల్లితే పైరుకి. తాగితే మాత్రం తంటానే, సరదాకైనా కావచ్చు, ప్రాణం తీసుకోవడానికైనా కావచ్చు. ఇక కొట్టడం అంటారా, అది మరీ ఘోరం. సాయంత్రం స్నేహితులతో కూర్చుని కొట్టేదీ మందే, పొద్దున్నే వీపుకి ట్యాంకు తగిలించుకుని మిరపతోటలో కొట్టేదీ మందే. వినుకొండ దగ్గర ఒక పల్లెలో యలమందయ్య అనే మనిషి ఈ ఒక్క మాటలో ఇరుక్కుని ఎంత అవస్థ పడ్డాడో చెప్తాను.

యలమందయ్య పని మందు కొట్టడం. తండ్రి ఎకరంన్నర చౌడు నేల ఇచ్చిపోయాడు గానీ అది ఎవరి కడుపూ నింపేది కాదు. ఇరవై రెండో ఏట చేతిపంపు భుజానికెత్తుకుని ఊరివాళ్ళ పత్తిచేలల్లో దిగాడు. ఇప్పుడు నలభై ఎనిమిది. చేతిపంపు పోయి బ్యాటరీ పంపు వచ్చింది, అదీ పోయి పెట్రోలుతో నడిచే తైవాన్ పంపు వచ్చింది, మోసే వీపు మాత్రం మారలేదు. చుట్టుపక్కల మూడూళ్ళలో అతని చేతికి పేరుంది. ఆకు పైన తడిపి పోవడం ఎవడైనా చేస్తాడు, పురుగు దాక్కునేది ఆకు అడుగున. యలమందయ్య గొట్టం తిప్పాడంటే అడుగు కూడా మంచు పట్టినంత సన్నగా తడుస్తుంది. నాజిల్‌లో నలుసు అడ్డం పడితే విప్పి నోటితో ఊదేవాడు. చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ కట్టుకోవాలని ఎవరెవరో ఊళ్ళోకి వచ్చి బొమ్మలు చూపించి పోయేవాళ్ళు. "అయ్యన్నీ కట్టుకుని మిట్టమజ్జానం ఒక్క సాలు నడిచి చూపించమనండి, నేనూ కట్టుకుంటా," అనేవాడు. వాళ్ళలో ఏ ఒక్కడూ నడవలేదు, ఇతనూ కట్టుకోలేదు. పైగా అతనికొక గట్టి నమ్మకం. అది పురుగుల మందు. పురుగెంత, మనిషెంత?

పెళ్ళయిన దగ్గర్నుంచీ, అంటే ఇరవై నాలుగేళ్ళుగా, ఆ పనిలో అతని వెనక రాఘవమ్మ ఉంది. మందు కొలిచి కలపడం, డ్రమ్ములోంచి నీళ్ళు తోడి బిందెతో మోసుకొచ్చి ట్యాంకు నింపడం, అతను సాలు ముగించేసరికి తర్వాతి బిందెతో వెనకే సిద్ధంగా ఉండటం ఆమె పని. రాఘవమ్మ నోటికి ఊరు భయపడుతుంది. పొయ్యి మీద పాలు పొంగినా 'చావు' అంటుంది, కోడి గడప ఎక్కినా 'చావు' అంటుంది. ఆ నోటి నుంచి వచ్చిన తిట్టు తగిలి ఇంతవరకు ఒక్క కోడి కూడా చావలేదు.

మిరప పూతకొచ్చిన రోజుల్లో ఒక పొద్దున ఆమె బిందె ముట్టుకోలేదు. గడపలో కూర్చుండిపోయింది.

"ఏమయ్యా, నేనియ్యాల రాను."

"ఏం, జొరమా?"

"జొరం గాదు. మొన్న పత్తిచేలో కళ్ళు మసకలు కమ్మినయ్. రెండేళ్ళ నుంచీ చెప్తన్నా తల తిరుగుతందని. ఈ పని మానుకో. నేనూ మానుకుంటా."

"మానుకుని ఏం జెయ్యాలి? నాకు చేతనైంది ఇదొక్కటే గదే."

"చేతనైందంట! దుప్పటి ఉతికినా ఆ కంపే, కంచంలో చెయ్యి బెట్టినా ఆ కంపే."

"బాబుగారికి మాటిచ్చా. తోటంతా తామరపురుగు. ఇయ్యాల కొట్టకపోతే పూత మొత్తం రాలిపోద్ది."

"అయితే పో. పోయి ఆ మందేదో నువ్వే ఇంత తాగి చావు, పీడా పోద్ది!"

ఈ తిట్టు మన పల్లెల్లో ఎన్నిళ్ళలో ఎన్నిసార్లు వినపడుతుందో లెక్క లేదు. అనేవాళ్ళకి దాని అర్థం తోచదు, పడేవాళ్ళకి పట్టదు. యలమందయ్య కూడా చద్దన్నంతో పాటు దాన్ని మింగి, ట్యాంకు సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయాడు.

బాబుగారంటే నాగేంద్రబాబు. ఊళ్ళో నాలుగెకరాల మిరప వేసిన రైతు. ఆ రోజు యలమందయ్య నీళ్ళు తనే తోడుకున్నాడు, మందు తనే కలుపుకున్నాడు. ఎండ చుర్రుమంటోంది. రెండో ట్యాంకు నుంచే చొక్కా వీపుకి అంటుకుపోయింది, నడుం దాకా తడి దిగింది. చెమట పట్టిందనుకున్నాడు. ఏడో ట్యాంకుకి నోట్లో నీళ్ళూరడం మొదలైంది, ఎంత ఉమ్మినా ఊరుతూనే ఉంది. తొమ్మిదో ట్యాంకుకి మిరపచెట్లు అలుక్కుపోయినట్టు కనపడ్డాయి. పదో ట్యాంకు దించినప్పుడు చూశాడు. మూత కింద రబ్బరు వాషరు అరిగి నోరు తెరిచింది. మూత చుట్టూ తెల్లటి నురగ, ట్యాంకుకి వీపు ఆనే వైపంతా తడి. అడుగు వేసినప్పుడల్లా లోపలి మందు తొణికి అతని మీదే పోసుకుంటూ వచ్చింది. 'ఓరి దీని తస్సాదియ్యా, కారింది' అనుకున్నాడు. గట్టు ఎక్కబోతే కాళ్ళు లేవలేదు.

పక్క చేలో కలుపు తీస్తున్న ఆడమనిషి అతను పడిపోవడం చూసి నాగేంద్రబాబుకి ఫోను చేసింది. "బాబుగారూ, యలమంద మందు కొట్టి పడిపోయాడండీ!"

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నాగేంద్రబాబు విన్నది వేరు. "పట్టపగలే కొట్టాడా ఎదవ! ఇంత మజ్జిగ తాగించి నీడన పడుకోబెట్టండి, దిగుద్ది," అన్నాడు. చెడ్డవాడేం కాదు, ఆ మాటకి అందరికీ తట్టే అర్థమే ఆయనకీ తట్టింది. అరగంట తర్వాత మళ్ళీ ఫోను వచ్చింది, నోట నురగ కక్కుతున్నాడని. ఆయన మోటారు సైకిలు మీద పరిగెత్తుకొచ్చి చూసి గుండె బాదుకున్నాడు. "ఓరి నాయనో, మందు తాగాడ్రా!" అన్నాడు. అలా యలమందయ్య మొదట తాగుబోతయ్యాడు, ఆ వెంటనే ప్రాణం తీసుకోబోయినవాడయ్యాడు. పని చేస్తూ పడిపోయిన మనిషి మాత్రం కాలేకపోయాడు.

కారు పిలిపించి అతన్ని ఎక్కించే వేళకి రాఘవమ్మ వచ్చింది. మొగుడి నోటి నురగ చూసింది, 'మందు తాగాడు' అన్న మాట వింది. రెండు చేతులా నోరు బాదుకుంది. "నా నోట్లో మన్నుబడ! నేనే అన్నానయ్యా, తాగి చావమని నేనే అన్నా!" ఇంకేం కావాలి? ఇక ఎవరూ ఏమీ అడగనక్కర లేకపోయింది.

వినుకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. తాగిన కేసుకి ఏం చెయ్యాలో అవన్నీ చేశారు. ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి కడిగారు. చొక్కా ముందువైపు కత్తిరించి ఊడలాగి, పోలీసులు అడుగుతారని సంచిలో మూటకట్టి మంచం కింద పడేశారు. ఛాతీ తుడిచారు. వీపు ఎవరూ చూడలేదు. తాగినవాడికి విషం కడుపులో ఉంటుంది, వీపుతో పనేముంది? తర్వాత మందుకి విరుగుడు మందు, అట్రోపిన్ అని, గంటగంటకీ ఎక్కించారు.

అది ప్రాణం నిలబెట్టింది గానీ బుర్ర తిప్పేసింది. రెండో రోజంతా యలమందయ్యకి గాలి నిండా తామరపురుగులు కనిపించాయి. చేతులు చాపి ఒక్కొక్కటే ఏరుతుంటే గొట్టాలు ఊడొస్తున్నాయని, రెండు చేతులూ గుడ్డపట్టీలతో మంచానికి కట్టేశారు. ఆ స్థితిలో ఉన్నప్పుడే కానిస్టేబులు వచ్చి స్టేట్‌మెంటు అడిగాడు. "ఏం చేశావయ్యా?"

"కొట్టా," అన్నాడు యలమందయ్య. "మందు కొట్టా. నేనే. అయిపోయింది... అంతా అయిపోయింది."

తోటంతా అయిపోయింది, ఒక్క సాలు కూడా మిగల్లేదు, అని అతని భావం. కానిస్టేబులు టౌనులో పుట్టి పెరిగినవాడు. కొట్టడమంటే ఏమిటో అతనికి ఒకటే తెలుసు. పక్కనే రాఘవమ్మ తన మాట తను చెప్పుకుని ఏడుస్తూనే ఉంది. 'భార్య మందలించగా మనస్తాపం చెంది పురుగుల మందు తాగితిని' అని చక్కటి అక్షరాలతో రాసుకుని, కట్టేసిన చేతి బొటనవేలికి సిరా రాసి ముద్ర వేయించుకుని వెళ్ళాడు.

మూడో రోజుకి పురుగులు మాయమయ్యాయి. తెలివి నిక్షేపంలా వచ్చింది. వస్తే వచ్చింది గానీ, దిండు మీంచి తల ఎత్తుదామంటే మెడ రాలేదు. కళ్ళు తెరుద్దామంటే రెప్పలు లేవలేదు. భుజాలు, తొడలు ఎవరివో అయినట్టున్నాయి. ఊపిరి తీసుకోబోతే ఛాతీ సగంలో ఆగిపోయింది. మునిగిపోతున్నానని అరిచాడు, ఆ అరుపు లోపలే ఉండిపోయింది. ఎవరో పరుగెత్తుకొచ్చి గొంతులోకి గొట్టం దించారు. మిషను అతని బదులు ఊపిరి తీయడం మొదలుపెట్టింది. బుస్సుమంటుంది, ఛాతీ లేస్తుంది, టిక్కుమంటుంది, ఛాతీ పడుతుంది. వద్దన్నా లేస్తుంది, ఇంకాస్త కావాలన్నా పడిపోతుంది. సొంత ఊపిరి మీద కూడా మనిషికి పెత్తనం లేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

చెవులు మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. అవి కూడా పోయుంటే బాగుండేదని అతను ఆ రోజుల్లో చాలాసార్లు అనుకున్నాడు.

డాక్టరమ్మ రాఘవమ్మకి చెబుతుంటే విన్నాడు. చిన్నపిల్లే, గొంతు మెత్తన. "చూడమ్మా, చేలోకి నీళ్ళు పెడతారు కదా, తూము తెరిస్తే నీళ్ళొస్తాయి, చాలనుకున్నాక మూసేస్తారు. ఒంట్లోనూ అంతే. నరం చివర ఒక రసం వదులుతుంది, దాంతో కండరం కదులుతుంది. కదిలాక ఆ రసాన్ని తీసేసే ఎంజైమ్ ఒకటుంది, తూము మూసే మనిషన్నమాట. ఈ మందు పోయి ఆ మనిషిని పట్టేసుకుంటుంది. ఇక తూము మూసేవాళ్ళు లేరు. అందుకే చొంగ, చెమట, వణుకు. పొంగి పొంగి ఇప్పుడు కండరాలు చచ్చుబడ్డాయి. ఊపిరి తీయాల్సిందీ కండరమే కదమ్మా."

"అది పురుగుల మందు గదమ్మా," అంది రాఘవమ్మ.

"పురుగుకీ మనకీ ఆ నరం పనిచేసే తీరు ఒకటేనమ్మా. కాకపోతే మనకి కాస్త ఎక్కువ పట్టాలి."

ఇరవై ఆరేళ్ళ నమ్మకం. తల కొట్టుకుందామన్నా తల కదలదు.

ఆ సాయంత్రం కూతురు మాధురి వేటపాలెం నుంచి వచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కడ జీడిపప్పు బట్టీలో పని చేస్తోంది. ఆమె చెయ్యి నుదుటి మీద పడగానే యలమందయ్య గుర్తుపట్టాడు. జీడి నూనెకి తోలు ఊడి గరుకైన వేళ్ళవి. కాసేపు ఏడ్చింది. తర్వాత గొంతు మారింది.

"ఏమన్నావే నాన్నని?"

రాఘవమ్మ ముక్కు చీదడం వినపడింది.

"పోలీసాయన చెప్పాడు. తాగి చావమన్నావంటగా? నీ నోరు నాకు తెలవదా? పొద్దున లేస్తే చావు, చావు, చావు. చంపుకున్నావుగా! ఇయ్యాల్టి నుంచి నాకు అమ్మ లేదు."

ఊరిని హడలెత్తించిన ఆ నోరు అప్పటికీ పెగల్లేదు. యలమందయ్యకి అంత భయం ఇంకెప్పుడూ వెయ్యలేదు. 'ఒసే, తిట్టవే దాన్ని. తల్లినట్టా అంటావా అని నాలుగు తగిలించు' అని లోపల గింజుకున్నాడు. 'నేను తాగలేదే, తల్లీ. మీ అమ్మ మాటకి కాదే.' ఎంత చిన్న మాట! తాగలేదు. నాలుగక్షరాలు. అవి గొంతులో గొట్టం ఇవతలకి రావు. ఇప్పుడు తను పోతే ఈ మనిషి ఆ ఇంట్లో ఒక్కతే కూర్చుని, మొగుణ్ణి నా మాటే చంపిందనుకుంటూ బతకాలి. కూతురు గడప తొక్కదు. ఊరు చాటుగా అనుకుంటుంది. చావంటే అతనికి అంత భయం లేదు గానీ, ఇలా చావడం మాత్రం అతనివల్ల కాదు.

ఒళ్ళంతా వెతుక్కున్నాడు, ఎక్కడైనా ఏదైనా నా మాట వింటుందా అని. మెడ వినలేదు, మోచెయ్యి వినలేదు. చేతివేళ్ళు విన్నాయి. ఈ జబ్బు పెద్ద కండరాలని ముందు పడేస్తుందట, వేళ్ళ జోలికి అంతగా పోదట. కానీ ఆ వేళ్ళు గుడ్డపట్టీ కింద, ఆపైన దుప్పటి కింద ఉన్నాయి. రాత్రనక పగలనక ఆడిస్తూనే ఉన్నాడు. ఎవరికీ కనపడలేదు.

నర్సు నస్రత్‌ది కూడా మిరప పండించే ఊరే. నాలుగో రోజు పొద్దున అతని తల దువ్వుతూ ఆగిపోయింది. దువ్వెన వాసన చూసింది.

"మేడం, ఒక్కసారి రండి. తాగినాయనకి తలలో మందు కంపు ఎట్లా వచ్చింది? మొదటిరోజు కడుపు కడిగిన నీళ్ళు నేనే పట్టా. మజ్జిగ వచ్చింది గానీ ఈ వాసన రాలేదు."

"కక్కినప్పుడు పడుంటుంది," అంది డాక్టరమ్మ అవతలి మంచం దగ్గర్నుంచి. నస్రత్ కాదనలేదు. సూది మార్చాలని దుప్పటి తీసి, కుడిచేతి పట్టీ విప్పింది. విప్పగానే అయిదు వేళ్ళ కొసలూ ఒకచోటికి చేరి, కిందికి వాలి, విదిలించినట్టు ఆడాయి.

తైవాన్ పంపు ఇంజను మోతలో మాట వినపడదు. అందుకని గడిచిన పదేళ్ళుగా ఆ మొగుడూ పెళ్ళాలు చేలో చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు చూపిస్తే రెండు బిందెల నీళ్ళు. పిడికిలి బిగిస్తే ఇంజను ఆపు. ఆ భాష ప్రపంచంలో ఇద్దరికే వచ్చు.

"వణుకుతున్నాడు," అంది మాధురి భయంగా.

"వణుకు గాదు. ఉండవే," అంది రాఘవమ్మ. కూతురు వచ్చాక ఆమె గొంతు వినపడటం అదే మొదలు. "ఏమయ్యా, మళ్ళీ చెయ్యి."

వేళ్ళు చేరాయి, కిందికి విదిలించాయి.

"మళ్ళీ."

అవే వేళ్ళు, అదే విదిలింపు.

"కారతందంట!" ఆమె కేక వార్డంతా వినపడింది. "నర్సమ్మా, కారిందంటన్నాడు. ట్యాంకు! ట్యాంకు కారిందమ్మా!"

నస్రత్ వంగి మంచం కింద సంచి లాగి ముడి విప్పింది. చొక్కా వీపు అట్టలా బిగుసుకుపోయి తెల్లగా పొక్కు కట్టి ఉంది. ఆ కంపుకి పక్క మంచాలవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. నలుగురు కలిసి యలమందయ్యని పక్కకి తిప్పారు. భుజాల నుంచి నడుం దాకా ట్యాంకు ఆనినంత మేరా ఎర్రగా కమిలి, తోలు లేచి ఉంది. డాక్టరమ్మ అవతలి మంచం వదిలి వచ్చి చూసింది. "నాదే పొరపాటు. తాగాడన్నారని కడుపు ఒక్కటే కడిగాం. జుట్టులోంచి, తోలులోంచి నాలుగు రోజులుగా లోపలికి పోతూనే ఉంది," అంది. అంత మందిలో పొరపాటు ఒప్పుకున్నది ఆ పిల్ల ఒక్కతే.

తల గొరిగించారు. సబ్బుతో మూడుసార్లు ఒళ్ళంతా కడిగారు. వేళ్ళు బరువెక్కిపోయి యలమందయ్య అలా పడి ఉన్నాడు, బయట తన పెళ్ళాం మళ్ళీ వచ్చిన కానిస్టేబులుని పట్టుకుని వాయించడం వింటూ.

"కొట్టాడని రాసుకో. మందు కొట్టాడు. తాగలా, కొట్టాడు! పంపుతో, మిరపచెట్లకి! ముందు ఆ తాగితిని కొట్టెయ్!"

"కొట్టేశానమ్మా," అన్నాడతను.

తర్వాత మాధురి తల్లితో లోపలికి వచ్చి, అమ్మా అంటూ ఆమెని పట్టుకుని ఏడవడం కూడా వినపడింది. యలమందయ్యకి ఒంటి మీంచి ట్యాంకు దించినట్టయింది.

అది ఒక్క పూటే. సాయంత్రం మాధురి అన్నం తెద్దామని వెళ్ళినప్పుడు రాఘవమ్మ స్టూలు మంచం దగ్గరికి జరుపుకుంది. అతని వేళ్ళు తన చేతిలో పెట్టుకుంది.

"ఏమయ్యా. కారతందని నీకు తెలుసా? తెలిసే మోశావా? నా మీద కోపంతోనే దించకుండా మోశావా? తెలిసి మొయ్యటం, తాగటం, రెండూ ఒకటేగా. తెలవదంటే ఒక్క ఏలు కదుపు."

తెలియదు. నిజంగా తెలియదు. వేలు కదపబోయాడు. కదపబోయి ఆగాడు.

తెలియదంటే ఈమె తర్వాత ఏమనుకుంటుంది? వీపుకి కళ్ళు లేవు. ఇరవై నాలుగేళ్ళుగా అతని వీపుని చూసిన కళ్ళు ఈమెవి. జాయింటు వదులైనా, పైపు చిట్లినా, వెనకనుంచి ముందుకి ఉరికొచ్చి మొహం ముందు వేళ్ళు విదిలించేది ఈమె. ఆ ఒక్క రోజు ఈమె వెనక లేదు. ఇప్పుడు కాకపోతే ఇంకో గంటకి ఆ సంగతి తట్టకుండా ఉండదు. తట్టిందంటే, నా మాట చంపిందన్న గోతిలోంచి తీసి, నేను రానందుకు చచ్చాడన్న గోతిలో పడేసినట్టే.

వేలు కదపలేదు. రాఘవమ్మ చాలాసేపు చూసి, ఓపిక లేదు పాపం అనుకుని, చెయ్యి దుప్పటి కింద పెట్టింది.

ఆ తర్వాత ఎనిమిది రోజులు. ఇదివరకు చెప్పలేక పడి ఉన్నాడు. ఇప్పుడు చెప్పగలిగీ నోరు మూసుకుని పడి ఉన్నాడు. ఏది ఎక్కువ కష్టమంటే అతను రెండోదే అంటాడు. మిషను బుస్సు, టిక్కు మధ్య ఒకటే ఆలోచన. నోరొచ్చిన రోజున ఏం చెప్పాలి? తెలియదంటే ఒక తప్పు ఆమె మెడకి చుట్టుకుంటుంది. తెలుసంటే ఇంకొకటి చుట్టుకుంటుంది. ఎటు కదిలినా ఆమెకే తగులుతోంది. నిజం చెప్పి పెళ్ళాన్ని కాపాడుకోవడం కుదరడం లేదు. అబద్ధం చెప్దామంటే, రాఘవమ్మ దగ్గర అతని అబద్ధం ఒక్కటీ ఇంతవరకు నిలబడలేదు. రోజూ ఆమె వచ్చి కూర్చునేది, అడిగేది కాదు. అడగకుండా కూర్చోవడం రాఘవమ్మకి ఎంత కష్టమో అతనికి తెలుసు.

మెల్లమెల్లగా రెప్పలు లేచాయి. మెడ దిండు మీద అటూ ఇటూ తిరిగింది. మిషను బుస్సుమనకముందే ఛాతీ తనంతట తను లేవడం మొదలుపెట్టింది. పన్నెండో రోజు పొద్దున డాక్టరమ్మ గొట్టం బయటికి లాగింది. మొదట దగ్గొచ్చింది, తర్వాత గాలి, ఎంతోసేపటికి గొంతు. మాధురి మంచినీళ్ళ చెంచా పట్టుకుని నిలబడింది. రాఘవమ్మ మంచం పట్టె పట్టుకుని వంగింది. పన్నెండు రోజుల్లో ఆమె మొహం సగమైంది.

"నా మాటకేనా?" అంది.

యలమందయ్య ఆమెని బాగా చూశాడు. "పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయింది. నీ మాట ఒక్కటన్నా విన్నానా?" అన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "ఇదొక్కటే... వింటానా?"

మాధురి నవ్వబోయి ఏడ్చేసింది. రాఘవమ్మ నవ్వలేదు, ఏడవలేదు. ఇంకా వంగి ఉంది.

"మరి కారతందని తెలుసా?"

"తెలుసు."

ఆమె చెయ్యి పట్టె మీద బిగుసుకుంది.

"తెలిసి దించలేదా?"

"ఇంకో రెండు ట్యాంకులే గదా అని," అన్నాడు. "దించి, విప్పి, వాషరు మార్చేదెవడు... బద్దకమేసింది."

రాఘవమ్మ అతని మొహంలోకి చూసింది. ఎప్పుడూ అబద్ధం పట్టేసే చూపు అది. యలమందయ్య కదలకుండా పడి ఉండటం పన్నెండు రోజులుగా బాగా నేర్చుకున్నాడు. ఆ చూపు కింద అలాగే పడి ఉన్నాడు.

"బద్దకమా!" అందామె. "బద్దకమేసిందా! ఓరి నీ బద్దకం బండలు గాను! రెండు ట్యాంకుల కోసం నన్ను ముండమోపిని చేద్దామనుకున్నావా! వాషరు మార్చటానికి చేతులు పడిపొయినయ్యా! మాధురీ, ఇన్నావటే, మీ నాన్న బద్దకం!" ఇక ఆగలేదు. పన్నెండు రోజులు లోపల దాచుకున్నదంతా బయటికొచ్చింది. అతని బద్ధకం, అతని తండ్రి బద్ధకం, వాళ్ళ వంశంలో తలకొక బద్ధకం. పక్క మంచాలవాళ్ళు లేచి కూర్చున్నారు. నస్రత్ పరిగెత్తుకొచ్చి, "అమ్మా, ఇది ఐసీయూ, మెల్లగా," అంటే, "నువ్వుండు నర్సమ్మా, ఈ మనిషి సంగతి నీకు తెలవదు," అంది. యలమందయ్య కళ్ళు మూసుకుని ప్రతి తిట్టూ విన్నాడు. ఒక్కటి కూడా వదల్లేదు.

ఇప్పుడతను మందు కొట్టడం లేదు, కొట్టకూడదన్నారు. అరికాళ్ళలో తిమ్మిరి పోలేదు. కాయ కోతల రోజుల్లో నాగేంద్రబాబు కల్లంలో ఎండు మిరపకాయలకి కాపలా ఉంటాడు, రాఘవమ్మ అక్కడే ఆడవాళ్ళతో కలిసి తాలుకాయ ఏరుతుంది. ఏ చేలోనైనా పంపు ఇంజను మోత వినపడితే చాలు, ఆమె చెయ్యి ఆపి మొదలుపెడుతుంది. "రెండు ట్యాంకులేగా అన్నాడమ్మా మహానుభావుడు! బద్దకమేసిందంట!" ఆడవాళ్ళందరూ నవ్వుతారు. అవునంటూ అతనూ నవ్వుతాడు. ఆ రోజు వెనక ఆమె లేదు గనకనే తనకి తెలియలేదన్న మాట మాత్రం ఇంతవరకూ నోటి దాకా రానివ్వలేదు.